రిలీవర్ వచ్చేదాకా

చెవి మడతపడి తల కింద ఇరుక్కుంటే ఎంత నొప్పి పుడుతుందో మీకు తెలియదు. నొప్పి మొదలయ్యే లోపే తల పక్కకు జరుపుకుంటారు, ఆ సంగతి మీకు గుర్తు కూడా ఉండదు. నేను జరుపుకోలేకపోయాను. ఆ రోజు పొద్దున్నుంచీ నా కుడి చెవి అలాగే నలుగుతూ ఉంది. నర్సు వచ్చింది, నా భార్య వచ్చింది, నా బావమరిది వచ్చాడు. అందరూ నా ముఖంలోకి చూసి కళ్ళొత్తుకుని వెళ్ళారు. చెవి ఎవరికీ కనబడలేదు. చివరికి చూసినవాడు ఒక్కడే. ఆ మనిషికీ నాకూ అప్పటికి చాన్నాళ్ళుగా మాటల్లేవు.

ఆ జబ్బులోంచి బయటపడ్డాను. ఎడమ చెయ్యి ఇంకా భుజం దాటి లేవదు, కుడి చేత్తో రాస్తున్నాను. కదలలేని మనిషి పక్కన కూర్చునేవాళ్ళు తెలుసుకోవాలని కొంత రాస్తున్నాను. అతనికి అన్నీ వినబడతాయి. అతని గురించి పక్కగదిలో మాట్లాడుకున్నట్టు మాట్లాడకండి. మిగతాది నా కోసమే. ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు.

నా పేరు నర్సింహులు. తాతల కాలం నుంచీ రాయచూరు వాళ్ళం. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం, పోట్లాటకు ఉర్దూ. శక్తినగర్ థర్మల్ ప్లాంటులో కంట్రోల్ రూమ్ డెస్క్ మీద నా పని. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. మన తర్వాతి షిఫ్టు మనిషిని రిలీవర్ అంటాం. అతను వచ్చేదాకా కుర్చీ ఖాళీ చేయకూడదు. అతను వచ్చి కూర్చున్నాక మనం పక్కన నిలబడి, ముఖం చూసి, ఏ బొగ్గు మిల్లు ఆగింది, ఏ పంపు మోత పెడుతోంది, అంతా నోటితో చెప్పి అప్పజెప్పాలి. అప్పుడే బస్సెక్కాలి. రిలీవర్ రాకపోతే రెండో షిఫ్టు కూడా మనదే. ఎంత కష్టమొచ్చినా, ఇంట్లో ఏమైనా, కుర్చీ మాత్రం ఖాళీ ఉండొద్దు.

ఏళ్ళ తరబడి నా రిలీవర్ కోటేశ్వరరావు. కృష్ణా జిల్లా మనిషి. వచ్చీ రాగానే కుర్చీ మీద తువ్వాలు దులిపి పరుచుకునేవాడు, నేనేదో బొగ్గులో దొర్లి వచ్చినట్టు. నేను కోటన్నా అనేవాణ్ణి. నా భార్య సువర్ణ అన్నా అనేది, పండగకు వాళ్ళింట్లో ఒక పూట మేం తినకపోతే ఆయన భార్య అలిగేది. అంత దగ్గర.

తర్వాత రాష్ట్రం గొడవ వచ్చింది. మేముండేది కర్ణాటకలో, విడిపోయేదేమో ఆంధ్రప్రదేశ్. అయినా మా ప్లాంటు కాలనీలో తెలుగువాళ్ళం రెండు ముక్కలయ్యాం. ఒక్క తెలుగు సంఘం రెండయింది. ఒకే వీధిలో రెండు ఉగాదులు, రెండు షామియానాలు, రెండు మైకులు. మా షిఫ్ట్ ఇన్‌చార్జి బసవరాజ్ కన్నడ మనిషి. కిటికీలోంచి కృష్ణా నదిని చూపించి, "నీళ్ళు ఇంకా మా దగ్గరే ఉన్నాయి కదప్పా, మీరిద్దరూ ఎందుకు కొట్టుకుంటారు?" అని నవ్వేవాడు. మాకు నవ్వు రాలేదు.

సంఘం మీటింగులో కోటన్న నన్నే అడిగాడు. "రాయచూరోడివి, నీకెందుకయ్యా ఈ గోల? నీకక్కడ ఓటు కూడా లేదు గదా!"

"ఓటు లేకుంటె రక్తం లేదా?" అన్నాను. "మా అక్క కొడుకులు పాలమూరు ఇడిసిపెట్టి బొంబాయిల మట్టి మోస్తున్నరు. నది పక్కనుంచి పోతది, వాళ్ళకు తాగనీకి నీళ్ళు లేవు. గది నీకు కనవడదు."

"మా అన్న జీవితమంతా కూడబెట్టి హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఎప్పుడు ఖాళీ చేస్తారని వీధిలో పిల్లకాయలు కూడా అడుగుతున్నారు. అది నీకు కనపడదా?"

ఇద్దరం చెప్పింది నిజమే. నిజాలు రెండూ ఒక గదిలో పట్టలేదు, అంతే. ఆ రోజు నుంచి మాటలు బంద్. షిఫ్టు అప్పజెప్పేటప్పుడు కూడా నేను ప్యానెల్‌కు చెప్పేవాణ్ణి, ఆయన టీ కప్పుకు తలూపేవాడు. బసవరాజ్ ఒకసారి కోప్పడ్డాక ముఖం చూసి చెప్పుకోవడం మొదలుపెట్టాం. మిల్లులు, పంపులు, బాయిలర్. దాని తర్వాత ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

డిసెంబరు చలిలో నా కాళ్ళు మొదలయ్యాయి. అంతకు ముందు కడుపు చెడి తగ్గింది. తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి. "చలికి గట్లనే ఉంటది, సాక్సులు ఏస్కో" అంది సువర్ణ. వేసుకున్నాను. మర్నాడు కంపెనీ బస్సు మెట్టు మీదకు కాలు లేవలేదు. వెనకున్నవాళ్ళు "పొద్దుగాలనే ఏసినవా ఏంది?" అని నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాతి పొద్దున స్నానాల గదిలో చేతిలో చెంబు జారిపోయింది. వంగి తీయబోతే నేనూ దాని పక్కనే పడ్డాను.

రాయచూరు ఆసుపత్రిలో స్కానింగ్ కోసం వరసలో కూర్చోబెట్టారు. నా మెడ నిలబడడం లేదు. పక్కన అరకేర నుంచి వచ్చిన ఒక ముసలాయన, కాలికి కట్టుతో ఉన్నాడు. నేనెవరో ఏమిటో అడగలేదు. "మల్కో తమ్మా, మల్కో" అని కన్నడంలో పడుకోమంటూ నా తల తన ఒళ్ళో పెట్టుకున్నాడు. నా వంతు వచ్చేలోపు ఆయన వంతు వచ్చింది, ఆయన లేవలేదు. ఆయన్ను మళ్ళీ చూడలేదు.

జబ్బు పేరు నోరు తిరగనిది. డాక్టరు సువర్ణకు అర్థమయ్యేలా చెప్పాడు. ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరబడి సొంత నరాలను పరాయివనుకుని కొడుతోందట. మా కాలనీ కథలా ఉందే అని ఆ తర్వాత చాలామంది నాతో అన్నారు. జబ్బులో నీతి వెతికేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జబ్బు జబ్బే. ఊపిరి అందనప్పుడు నీతి ఎవడిక్కావాలి?

రెండు రోజుల్లో ఊపిరి కూడా పోయింది. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి యంత్రానికి కలిపారు. హైదరాబాద్ తీసుకెళ్దామంటే దారిలో నిలవడని డాక్టరు ఒప్పుకోలేదు. నాకు మిగిలినవి రెండే, చెవులూ కళ్ళూ. మెదడు శుభ్రంగా పనిచేస్తోంది. అదే అన్నిటికంటే భయం. పైన ఫ్యాన్ తిరగడం చూస్తూ, యంత్రం ఆగిపోతే ఎవరికైనా వినబడుతుందా అని రోజంతా లెక్కలు వేసుకునేవాణ్ణి.

చిన్న ఆసుపత్రి, నర్సులు తక్కువ. అందుకే లోపల ఒక మనిషి కూర్చోవచ్చన్నారు. తలుపు దగ్గర వాచ్‌మన్ "ఏక్‌హీచ్ ఆద్మీ భాయ్, ఏక్‌హీచ్" అని అరుస్తూ ఉండేవాడు. మొదట సువర్ణ కూర్చుంది. తిండి లేక, నిద్ర లేక, వరండాలో కళ్ళు తిరిగి పడిపోయింది. షిఫ్టువాళ్ళు కొన్నాళ్ళు వంతులేసుకున్నారు. ఎవరి డ్యూటీలు వాళ్ళకున్నాయి, మెల్లగా పలచబడ్డారు. మక్తల్ నుంచి సువర్ణ తమ్ముడు యాదగిరి వచ్చి ఉండిపోయాడు. ఉద్యమంలో తిరిగిన మనిషి. నేనంటే ప్రాణం. కానీ ఒకచోట కుదురుగా కూర్చోలేడు.

చెవి నలిగిన రోజు యాదగిరి టీకి కిందికి వెళ్ళాడు. కుర్చీ ఖాళీ. గొట్టంలో కఫం గురగురమంటోంది, చెవి మండుతోంది, నాకు ఏడుపు కూడా రావడం లేదు. అప్పుడు తలుపు దగ్గర ఒక గొంతు వినబడింది. ప్లాంటు యూనిఫాం, చంకలో తువ్వాలు. కోటేశ్వరరావు.

ఆయన ముందు చూసింది నన్ను కాదు, ఖాళీ కుర్చీని. తర్వాత నర్సును కేకేశాడు. ఆమె కఫం లాగేస్తుంటే నా చుట్టూ తిరుగుతూ చూశాడు, డ్యూటీ ఎక్కగానే ప్యానెల్ ఒక చివర్నుంచి మరో చివరికి చూసినట్టు. తల కింద చెయ్యి పెట్టి చెవి బయటికి తీశాడు. "అయ్యయ్యో" అన్నాడు. నా కంట్లోంచి నీళ్ళు కారాయి.

యాదగిరి గ్లాసు పట్టుకుని వచ్చేసరికి కోటన్న మండిపడుతున్నాడు. "కుర్చీ వదిలేసి ఎట్టా ఎల్తారండీ? మనిషి పోతే?"

"నువ్వేంది నాకు చెప్పేది? మా బావ. నీకేం పని ఈడ?"

"పనే. రోజూ రెండింటికి ఈయన్ని రిలీవ్ చేసేది నేనే."

అంతే. ఇంకే కారణమూ చెప్పలేదు. మర్నాటి నుంచి పొద్దుటి షిఫ్టు దిగి, మధ్యాహ్నం కంపెనీ బస్సులో రాయచూరు వచ్చి, దీపాలు పెట్టే వేళ దాకా కూర్చునేవాడు. రోజూ పొద్దుటి షిఫ్టే పడేలా ఎంతమందిని బతిమాలి మార్పించుకున్నాడో నాకు తర్వాత తెలిసింది.

వరండాలో అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకోవడం నాకు గోడ ఇవతలికి వినబడింది.

"ఆంధ్రాయన చేతుల పెట్టి పోతవా అక్కా బావను? బయట మనోళ్ళకు తెలిస్తె నా మొకం మీద ఉమ్మేస్తరు."

"ఉమ్మనీ, తుడుసుకో. ఆయన కూసుంటెనే నాకు నిద్ర వడ్తది. నువ్వు కూసుంటె వడ్తలేదు, ఏం చెయ్యమంటవ్?"

యాదగిరి మూడు రోజులు అక్కతో మాట్లాడలేదు. అయినా సాయంత్రం వేళకు వచ్చేవాడు. కోటన్న అతన్ని ముందు కుర్చీలో కూర్చోమనేవాడు. కూర్చున్నాక తను నిలబడి అప్పజెప్పేవాడు. "కఫం రెండుసార్లు తీశారు. ఎడమ పక్కకి తిప్పాం. కుడి చెవి జాగ్రత్త. కళ్ళు పొడిబారుతున్నాయి, చుక్కలేయించండి. కాలి బొటనవేలు దగ్గర దుప్పటి బరువుగా ఉంటంది ఈయనకి, కొంచెం ఎత్తి పెట్టండి." యాదగిరి మొదట్లో గోడవైపు చూస్తూ విన్నాడు. తర్వాత తలూపాడు. కొన్నాళ్ళకు అతనూ నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. "ముక్కు మీద ఈగ వాల్తున్నది, కొట్టుండ్రి." ఇద్దరి మధ్యా నేను తప్ప వేరే మాట లేదు.

దుప్పటి సంగతి ఆయనకెలా తెలిసిందంటే, నన్ను అడిగి. "ఏవయ్యా, నీకు అన్నీ తెలుస్తున్నాయి, నాకు తెలుసు. ఔనంటే రెప్ప ఒకసారి వెయ్యి. కాదంటే రెండుసార్లు. చెవా? వీపా? కాలా?" అలా కిందిదాకా అడుగుతూ వచ్చేవాడు. నొప్పి ఎక్కడుందో దొరికిందంటే, ఆగిన మిల్లు మళ్ళీ తిరిగినట్టు సంతోషపడేవాడు. ఆ తర్వాత కబుర్లు. క్యాంటీన్‌లో ఉప్మా సంగతి, బసవరాజ్ కొత్త స్కూటర్ సంగతి. రాష్ట్రం మాట ఎత్తేవాడు కాదు. రెండేళ్ళ తర్వాత ఆయన నాతో మాట్లాడుతున్నాడు. నేను ఎదురు మాట్లాడలేని స్థితిలో ఉన్నాను కాబట్టేనేమో అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచనకు నవ్వొచ్చింది. ముఖం మాత్రం నవ్వలేదు.

ఫిబ్రవరిలో, పార్లమెంటులో బిల్లు పాసైన మధ్యాహ్నం, కోటన్న నా పక్కనున్నాడు. కింద రోగుల బంధువులు కూర్చునే హాల్లో టీవీ ఉంది. ముందు ఒక కేక, తర్వాత చప్పట్లు, ఎవరో మెట్ల మీద పరుగు. నర్సు వచ్చి, "తెలంగాణ ఆయ్తంతె" అంది, వచ్చేసిందట అని కన్నడంలో, వానొచ్చిందన్నట్టుగా.

నాకు లోపల పొంగింది. ఆ సంగతి దాచను. మా అక్క కొడుకులు, వాళ్ళ పిల్లలు, రాయచూరు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రోజుల గురించి మా తాత చెప్పిన మాటలు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. లేచి అరవాలనిపించింది. ఒక్క వేలు కదల్లేదు.

కోటన్న ఫోన్ మోగింది. వాళ్ళన్న. ఆయన "ఊ" అన్నాడు, "ఊ" అన్నాడు, "ఏడవకన్నయ్యా" అన్నాడు. ఫోన్ పెట్టేసి చాలాసేపు తువ్వాలు ముఖం మీద పెట్టుకుని కూర్చున్నాడు. నా ముఖం తుడిచే తువ్వాలే అది.

తర్వాత నా ముఖం మీదకు వంగాడు.

"నీకు సంతోషంగా ఉందా?"

ఆ మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా నోటి పక్కన కారుతున్న చొంగను తుడుస్తూనే అడుగుతున్నాడు. ఇంతకాలం ఆయన అడిగినవాటికి నేను అబద్ధం చెప్పలేదు. చెప్పి ఉంటే నా నొప్పి దొరికేది కాదు. రెండుసార్లు రెప్ప వేస్తే అయిపోయేది. అంత చిన్న పని. కానీ నేను ఈ ఒక్కదానికి అబద్ధమాడితే, రేపు చెవి అన్నప్పుడు ఆయన నమ్ముతాడా? ఇది ఆ క్షణంలో అనుకున్నానా, తర్వాత అల్లుకున్నానా, తెలియదు. భయమూ వేసింది. ఈయన లేచిపోతే నా గొంతులో కఫం ఎవరు చూస్తారు?

ఒక్కసారి వేశాను.

"ఇయ్యాళొక్కరోజు కాదని చెప్పలేకపోయావా నర్సింహులూ" అన్నాడు. కోపంగా కాదు. బతిమాలినట్టు అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

లేచి తలుపు దాకా వెళ్ళాడు. వీపు కనబడుతోంది. చెయ్యి తలుపు మీద వేశాడు. యాదగిరి వచ్చే వేళ దాటిపోయింది. బయట బాణాసంచా మోత. అతను ఎక్కడున్నాడో ఇద్దరికీ తెలుసు. నా గొట్టంలో గురగుర మొదలైంది. కోటన్న తలుపు వదిలేసి వెనక్కొచ్చాడు, నర్సును పిలిచాడు, ఆమె పని చేస్తున్నంతసేపూ ఎప్పటిలాగే నా భుజం పట్టుకున్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని కిటికీ వైపు తిరిగాడు. ఆఖరి కంపెనీ బస్సు పోయింది. ఆయన కూర్చునే ఉన్నాడు.

యాదగిరి జుట్టులో రంగుతో, చేతిలో మిఠాయి డబ్బాతో వచ్చాడు. కోటన్నను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ డబ్బాను వెనక్కి పెట్టుకోవాలో ముందుకు చాపాలో తెలియక నిలబడ్డాడు.

"కూర్చోండి" అన్నాడు కోటన్న. యాదగిరి కూర్చున్నాడు. "కఫం మూడుసార్లు. చుక్కలేశారు. ఎడమ పక్క నుంచి కుడికి తిప్పాలి ఇప్పుడు. చెవి జాగ్రత్త." గొంతు ఎక్కడా తొణకలేదు. మిఠాయి వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. రోడ్డు మీద పండగ, బస్సు లేదు, శక్తినగర్ ఎలా చేరాడో నాకు ఇప్పటికీ తెలియదు. యాదగిరి ఆ డబ్బా తెరవలేదు.

మర్నాడు పొద్దున్నుంచీ నా చూపంతా తలుపు మీదే. యాదగిరి కూడా చూస్తున్నాడు, నాతో పాటు. ఆయన రాకపోతే తప్పు పట్టేవాళ్ళం కాదు. మూడు దాటింది. బస్సొచ్చి ఉంటుంది. నా ప్రాణం కళ్ళలోకి వచ్చింది.

వచ్చాడు. తువ్వాలు దులిపి కుర్చీలో పరుచుకున్నాడు. "చెవా? వీపా? కాలా?" అన్నీ అడిగాడు. అన్నీ చేశాడు. కబుర్లు మాత్రం చెప్పలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. అంత శ్రద్ధగా ఒంటిని చూసుకుంటూ అంత నిశ్శబ్దంగా ఉన్న మనిషి పక్కన వారాల తరబడి పడుకోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. కోపమున్నవాడు రాకూడదు, వచ్చినవాడు మాట్లాడాలి. ఈ రెండూ కాకుండా ఇదేం మనిషి అని లోపల్లోపల తిట్టుకునేవాణ్ణి. తిట్టుకుంటూ మూడెప్పుడవుతుందా అని చూసేవాణ్ణి.

ఎండలు ముదిరేసరికి వేళ్ళు కదిలాయి. యంత్రం తీశారు. ఒకరోజు గొట్టం మీద వేలు పెట్టి మాట్లాడమన్నారు. "సువర్ణా" అన్నాను, చిరిగిన గుడ్డలా వచ్చింది గొంతు. ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది. కోటన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మాటొచ్చింది గదమ్మా. ఇంక ఎక్కడ నొప్పో తనే చెప్తాడు" అన్నాడు. ఆ మర్నాటి నుంచి రాలేదు.

ఇంటికొచ్చాక సువర్ణ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళింది. ఆయన భార్య కాఫీ ఇచ్చింది, మామూలుగానే మాట్లాడింది. ఆయన మా గడప తొక్కలేదు. వాళ్ళన్న హైదరాబాద్ ఇల్లు అమ్ముకుని ఊరికి వెళ్ళిపోయాడని విన్నాను. ఎవరూ పొమ్మనలేదట, భయానికే పోయాడట. భయం ఊరికే పుట్టదు కదా. ఈ మాట మా సంఘంలో అంటే నన్ను అదోలా చూశారు.

దసరా దాటాక డ్యూటీకి వెళ్ళాను, వాకర్ పట్టుకుని. ఈసారి నాది మధ్యాహ్నం షిఫ్టు, కోటన్నకు రిలీవర్ని నేనే. తలుపు నుంచి డెస్క్ దాకా నున్నటి గచ్చు. కోటన్న లేచి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఎదురు రాలేదు, చెయ్యి ఇవ్వలేదు. కింద బస్సు హారన్ కొడుతోంది. వాళ్ళ షిఫ్టువాళ్ళంతా దిగిపోయారు. నేను ఒక్కో అడుగే వేస్తున్నాను. ఆయనకు చెప్పాల్సిన మాటలు నెలల తరబడి తయారుచేసుకున్నాను. సగం దూరం వచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు. ఆ రోజు అబద్ధం చెప్పి ఉండాల్సిందా అని అడగాలనుకున్నాను. ఆయన్ను తప్ప ఆ ప్రశ్న ఎవరినీ అడగలేను. ఆయన్ను అడిగేదీ కాదు. నన్ను మళ్ళీ అడిగితే మళ్ళీ ఒక్కసారే వేస్తాను, ఆ సంగతీ నాకు తెలుసు.

కూర్చున్నాను. ఆయన నిలబడి అప్పజెప్పాడు. మూడో మిల్లు ఆగింది, ఫీడ్ పంపు మోత పెడుతోంది, బాయిలర్ మామూలే. అయిపోయిందనుకున్నాను. ఆయన నా పక్క సీటులో ఉన్న బసవరాజ్ వైపు తిరిగి, అదే గొంతుతో కొనసాగించాడు.

"ఈయన ఎడమ చెయ్యి పైకి లేవదండీ. పైన స్విచ్‌లు మీరే చూసుకోండి. ఏసీ గాలి సూటిగా మెడ మీద పడుతుంటే కుర్చీ కొంచెం జరిపాను. మధ్యలో ఒకసారి లేపి నడిపించండి, లేకపోతే కాళ్ళు బిగుసుకుంటాయి."

బసవరాజ్ తలూపాడు. కింద మళ్ళీ హారన్. కోటన్న కుర్చీ వీపు మీద నుంచి చెయ్యి తీయలేదు.

"సరిగ్గా కూర్చున్నావా?"

నోరుంది. మాటుంది. ఆయన ముఖంలోకి చూసి రెప్ప ఒక్కసారి వేశాను.

అప్పుడు తన తువ్వాలు తీసుకుని బస్సుకు వెళ్ళాడు.